పెద్ద సి, చిన్న సి

ముప్పై ఆరు శాతం కాడ ఆగింది నీలితెర.
ఆపకండి, ఆపకండి అనుకుంట
చుక్కలు గుండ్రంగ తిరుగుతున్నయ్.
నయీంనగర్ రోడ్డు మీద మార్చి ఎండ,
ఫోన్ల ఎనుమాముల నుంచి రాచమల్ల సేటు:
"ధరలు ఎక్కిచ్చినవా? బస్తాలు దిగుతున్నయ్."
పైసలు నేను పెట్టి కొన్న లాప్‌టాప్
నాది కాదని ఆ పొద్దు తెలిసింది.

జిరాక్స్ షాపుల, లామినేషన్ వాసన నడుమ
ఓదెలన్న ఒక పెన్‌డ్రైవ్ చేతిల పెట్టిండు,
తాళంచెవికి కట్టినట్టు దానికో ఎర్రదారం.
"లినక్స్. పైసలడగది.
ఓపిక అడుగుతది."
"మరి నువ్వెందుకు మారలేదే?"
"నా పెండ్లి పత్రికలన్నీ అను ఫాంట్లల్ల ఉన్నయ్ తమ్మీ.
మూడు వందల మంది పెండ్లికొడుకులు
ఈ డబ్బాల ఇరుక్కున్నరు."

మొత్తం తుడిచెయ్యాల్నా అని అడిగింది.
వేలు ఎంటర్ మీద, కండ్లు గోడ మీది బల్లి మీద.
ఆరేండ్ల స్క్రీన్‌షాట్లు, దొంగ ఫొటోషాప్,
కొత్త ఫోల్డర్ల లోపల కొత్త ఫోల్డర్లు.
నొక్కిన.

మొదటి రాత్రి వైఫై రాలేదు.
రెండో రాత్రి సౌండు రాలేదు,
నేను గూడ ఎవ్వరితోని మాట్లాడలేదు.
నల్లతెర మీద పాస్‌వర్డ్ కొడితే
ఒక్క చుక్కన్నా పడదు.
కరెంటు పోయిన రాత్రి తాళం తీసినట్టు
వేళ్లను నమ్మాలె.
కానీ ముసలి లాప్‌టాప్ రొప్పుడు మానింది.
చాయ్ గ్లాసు పెదవికి తాకకముందే
సర్వర్ లేచి కూసుంది.

మూడోనాడు సేటు సైటును నా మిషన్ల నడిపిచ్చిన.
తేజ ఉంది. వండర్ హాట్ ఉంది.
చపాటా ఉండాల్సిన కాడ
ఖాళీ డబ్బా, చినిగిన బొమ్మ గుర్తు.

సీజన్ మొదలైనకాడి నుంచి సేటు చెప్తనే ఉన్నడు,
"చపాటా కనవడ్తలేదు బాబూ."
నా దగ్గర కనవడ్తుంది సేటూ అన్న.
మీ నెట్టు మంచిగలేదన్న.
హోస్టింగోళ్లకు ఇంగ్లీషుల కోపంగ రాసిన.
బయట జనం చూసే పేజీని
ఒక్కపారి తెరిచి చూడలే.

ఫైలు పేరుల పెద్ద సి.
నేను రాసిన కోడుల చిన్న సి.
విండోస్ రెండూ ఒకటే అన్నది,
ఆలస్యంగ వచ్చిన పిల్లగాని కోసం
నాయినకు అబద్ధం చెప్పే నాయనమ్మ లెక్క.
ఇది మాత్రం మొఖం మీదనే చెప్పింది:
ఆ పేరుతోని ఇక్కడ ఎవ్వరు లేరు.

ఐనవోలు బడిల పలక మీద
నేను దిద్దిన అక్షరాలకు పెద్దా చిన్నా లేదు.
మాట మొదట నిలవడ్డా, చివర కూసున్నా
క ఎప్పుడూ క అంతే.
దొర పేరు రాసినా, జీతగాని పేరు రాసినా
పలక మీద ఒకటే ఎత్తు.
మా ఊర్ల ఆ తేడా మనుషులకే ఉండె,
అక్షరాలకు లేకుండె.

ఒక్క అక్షరం మార్చిన.
ఖాళీ డబ్బాలకి
టమాట లెక్క ఉబ్బిన ఎర్రటి చపాటా
వచ్చి నిండింది.

ఫోన్ చేసిన. "తప్పు నాదే సేటూ. మొదటి నుంచి."
అవతల కాంటా చప్పుడు, హమాలీల కేకలు,
మిర్చి ఘాటుకు ఎవరో ఆగకుంట దగ్గుతున్నరు.
"సరేగని, ఇయ్యాల్టి ధర మార్చు" అన్నడు.

మార్చిన.
నల్లతెర మీద తెలుగు ఇంకా సక్కగ పడ్తలేదు.
ఎనుమాముల మంచిగనే వస్తది,
హన్మకొండ అని కొడితే
వత్తు ఊడి పక్కకు దొర్లుతది.
ఎట్ల అతికియ్యాల్నో ఓదెలన్నను అడగాలె.
ఆయనకు తెల్వదు.
అడిగితే, దారం కట్టిన ఇంకో పెన్‌డ్రైవ్ కోసం
సొరుగంతా ఎతుకుతడు.